అరువు నోరు

తరంగతొట్టి మోత సన్నబడగానే సింహాద్రి చెయ్యెత్తాడు. "సాలప్పా, కాడ ఇడిపోనాది."

పైడితల్లి మీట దించింది. చూపు లేని తమ్ముడి చెవి ఎప్పుడూ తప్పదు. పైనగరంవాళ్లు గొడుగులు తిని పారేసిన పుట్టగొడుగు కాడలు తొట్టి ధ్వనితరంగాల అదురుకు నీళ్లలో చెదిరి గంజిలా ఉన్నాయి. అందులో నిమ్మపులుపు కొద్దికొద్దిగా వదిలింది. పాలు విరిగినట్టు మాంసకృత్తులు తెల్లగా విరిగి అడుక్కి దిగాయి. మునుపటిలా కాడల్ని కరిగించే ఘాటు ద్రావణి లేదు, పొగ లేదు. ఈ పద్ధతి కాస్త ముందే వచ్చి ఉంటే తమ్ముడికి కళ్లుండేవి.

కిందనగరం వంటశాలల తలుపు తొలిముద్ద తిన్న నోటిముద్రకే తెరుచుకుంటుంది. తొలిముద్ద అధికారి తినాలి, లేదా అతని బదులు ఒప్పుకున్నవాడెవడైనా తినాలి. తినేది ఎప్పుడూ కూలివాళ్లే. దాన్ని నోరు అరువివ్వడం అంటారు. ద్రావణి మిగిలిపోయిన ముద్దను సింహాద్రి చేతిలో పెట్టి, "తినరా, బాదం వాసనే కదా" అన్నవాడు అధికారి కూర్మారావు. అది తిన్నాకే వాడి చూపు పోయింది. విచారణలో మాత్రం తాను ఆ ముద్ద దగ్గరికే రాలేదని, ఆ ద్రావణి వాసన ఎలా ఉంటుందో కూడా ఎరగనని చెప్పాడు. అందరూ నమ్మారు. ఆ రోజు పైడితల్లి కడుపులో రాజుకున్న పగ ఇంకా చల్లారలేదు.

అలాగని ఇవాళ ఆమె విషమేమీ కలపలేదు. ఆ పాపిష్టివాడి కోసం తన చేతులెందుకు మురికి చేసుకోవాలి? బాదంగొడుగుల కాడలు ఏరి దాచి, వాటినే తొట్టిలో వేసింది. తినడానికి కమ్మగా ఉంటాయి. వాసన మాత్రం అచ్చం ఆ పాత ద్రావణిదే.

కూర్మారావు దర్జాగా వచ్చాడు. వెంట ఆనాటి విచారణాధికారిణి వకుళాదేవి ఉంది. అతను అలవాటుగా చెంచా నింపి సింహాద్రి వైపు చాచాడు.

"నోరియ్యరా."

సింహాద్రి పెదవులు బిగించాడు. పైడితల్లి ముందుకొచ్చింది.

"ఇంక మా నోరు అరువియ్యం బాబూ. మీరే తినండి."

తొట్ల దగ్గరి కూలివాళ్లంతా అరచేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తలుపు అవతల తిండికోసం కాచుకున్న కిందనగరం కంచాల చప్పుడు మొదలైంది. అక్కడ ఉన్నది తమ పిల్లలే అని తెలిసినా ఎవరూ చెయ్యి దించలేదు.

దిక్కులేక కూర్మారావు చెంచా మూతి దగ్గరికి తెచ్చుకున్నాడు. వాసన తగిలీ తగలగానే తల వెనక్కి లాక్కున్నాడు.

"ఇందులో పాత ద్రావణి ఉంది!"

వకుళాదేవి నెమ్మదిగా అతని వైపు తిరిగింది. "ఆ వాసన ఎరగనన్నారుగా?"

కూర్మారావు నాలుక్కరుచుకున్నాడు. చెంచా కిందికి దించాడు. కంచాల చప్పుడు పెరుగుతోంది, తలుపు కదలడం లేదు.

పైడితల్లి అతని మణికట్టు పట్టుకుని చెంచాను మళ్లీ అతని నోటి దాకా తెచ్చింది. ఇన్నాళ్లకు ఆమె కడుపు చల్లబడింది.

"తినండి బాబూ," అంది. "బాదం వాసనే గదా."