చేపగా మారే రోజు

"ఏ గది కావాలి సార్?" అంది నొయేలియా, ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఎన్నడూ చూడనట్టు.

ఓల్మన్ వెనక్కి తిరిగి చూశాడు. వాళ్ళమ్మ మెల్బా, మర్యాదగా పిలిస్తే దోన్యా మెల్బా, ట్రక్కు పక్కన నిలబడి, వంటపాత్ర ఒకటి తగ్గిందని డ్రైవరుతో తగువు పడుతోంది.

"ఎప్పుడూ ఇచ్చేదే," అన్నాడు గొంతు తగ్గించి. "నోయే, ఏమిటిది? నిన్న సాయంత్రం కూడా ఫోన్లో మాట్లాడుకున్నాం కదా."

"ఫోన్లో మాట్లాడే ఓల్మన్ వేరు. ఆయనకి నోరుంది. ఏటా పండగ వారంలో మీ అమ్మగారి వెనకాల దిగే ఓల్మన్ వేరు. తమరు ఆ రెండో ఆయనైతే, ఏ గది కావాలి సార్?"

"ఈసారి చెప్తాను. ఒట్టు."

"పోయినేడు కూడా ఒట్టేశావు. అంతకు ముందేడు కూడా. నీ ఒట్లన్నీ పోగేస్తే గుడిసె మీద ఇంకో కప్పు వేయొచ్చు."

ఓల్మన్‌ది మసాయా ఊరు. వాళ్ళింట్లో తరతరాలుగా ఊయలలు నేస్తారు. ఈస్టర్‌కి ముందు వారం ఊళ్ళకు ఊళ్ళు సముద్రం దారి పట్టినప్పుడు వాళ్ళ కుటుంబం కోడిపెట్టతో సహా బయల్దేరి ఎల్ కొయొలార్ అనే ఈ తీరపు ఊరికి వస్తుంది. ఇసుక అంచునే నొయేలియా అమ్మమ్మ దోన్యా తీనాకి నాలుగు గదులూ, కొబ్బరాకుల పందిరీ ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ మెల్బా ఒక కొత్త ఊయల తెచ్చి పందిరి కింద కట్టిస్తుంది. ఈసారి మాత్రం రెండు తెచ్చింది. రెండోది వెడల్పుగా, తెల్లగా, రెండు వైపులా అల్లిక కుచ్చులతో ఉంది. పెళ్ళి ఊయల. దాన్ని గుడ్డలో చుట్టి గదిలో పెట్టి, ఎవరూ చెయ్యి వెయ్యొద్దంది.

నొయేలియా ఆ మూటని చూసింది. ఓల్మన్ వంక చూసింది.

"శుక్రవారం భోజనాల లోపు చెప్పు," అంది. "లేదంటే వచ్చే ఏడు నీ గది ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. గదితో పాటు నన్ను కూడా."

* * *

ఓల్మన్ ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. మంగళవారం పొద్దున్నే తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని, వాళ్ళమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా."

"ఏంరా?"

"ఉప్పెక్కడుంది?"

వంటింటి కిటికీలోంచి వింటున్న నొయేలియా నుదురు కొట్టుకుంది. వీడు నీళ్ళు నమిలినంత బాగా ఎవరూ నమలలేరు. ఆ నీళ్ళలో దిగడం మాత్రం చేతకాదు. ఏటా వస్తాడు, మోకాళ్ళు తడవగానే వెనక్కి పరిగెడతాడు. సముద్రానికొచ్చి బాత్రూంలో స్నానం చేసే మగాణ్ణి ఆ ఊళ్ళో ఇంకెవరూ చూడలేదు. అయినా ప్రేమ వాడి మీదే పుట్టింది. ఏం చేస్తుంది? రోజంతా వలలూ గదులూ వంటలతో సతమతమై, సాయంత్రం ఫోన్ తీస్తే వాడి గొంతు వినగానే ఒళ్ళు తేలికపడుతుంది. తన మాటకి వాడు నవ్వినట్టు లోకంలో ఎవరూ నవ్వరు.

బుధవారం వాకిట్లో కూర్చుని చేపలు బాగుచేసి, నొయేలియా చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటోంది. మెల్బా అటుగా వచ్చి ఆగింది.

"ఎంత రుద్దినా పోదమ్మా ఆ వాసన," అంది, జాలి పడుతున్నట్టు. "పుట్టుకతో వచ్చింది కదా."

నొయేలియా నిమ్మచెక్క పక్కన పెట్టేసింది. ఆ వారమంతా మళ్ళీ ముట్టుకోలేదు. అదే చేతులతో మెల్బాకి కాఫీ ఇచ్చింది, కప్పు ఆవిడ ముక్కు దగ్గరకొచ్చేదాకా పట్టుకుని మరీ.

* * *

గుడ్ ఫ్రైడే నాడు ఎల్ కొయొలార్ తీరం చూడాలి. ఇసుక మీద కాలు పెట్టే చోటుండదు, నీళ్ళలో నరపురుగు ఉండదు. ఆ రోజు సముద్రంలో మునిగినవాళ్ళు చేపలైపోతారని పిల్లలకి పాలతో పాటు పట్టిన మాట. ఎవరూ నమ్మరు. ఎవరూ దిగరు.

పందిరి కింద అందరికీ ఆ రోజు వండే జున్ను సూపు వడ్డిస్తోంది నొయేలియా. మెల్బా గొంతు సవరించుకుంది.

"పండగ పూట మంచి మాట. వచ్చే వారం మా ఓల్మన్‌కి మందులషాపు వాళ్ళ అమ్మాయితో మాట ఖాయం చేసుకుంటున్నాం. పెళ్ళి ఊయల కూడా నేశాను. సముద్రం గాలి తగిలితే జంటకి మంచిదని ఇక్కడికి తెచ్చాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఓల్మన్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

నొయేలియా గరిట గిన్నెలో పెట్టింది. "దోన్యా మెల్బా, మీ అబ్బాయిని అడిగారా?"

"నా కొడుకు ఇష్టం నాకు తెలియదా? అయినా మధ్యలో నీకేం పని?"

"అడగండి. ఎదురుగానే ఉన్నాడుగా."

అందరి కళ్ళూ ఓల్మన్ మీద పడ్డాయి. వాడు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"అమ్మా... సూపు చల్లారిపోతోంది."

మెల్బా తెలివితక్కువది కాదు. కొడుకు చెవులు ఎర్రబడటం చూసింది, ఆ పిల్ల గడ్డం పైకెత్తి నిలబడటం చూసింది. అర్థమైపోయింది.

"ఓహో, అదా సంగతి. మాది నేతవాళ్ళ ఇల్లమ్మా. పోగుకి చేపవాసన పడితే కొనేవాడుండడు. చేప నీళ్ళలో ఉంటేనే అందం."

నొయేలియాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కారేలోపే ఆప్రాన్ విప్పి కుర్చీ మీద వేసింది.

"సరే అయితే. ఇవాళ దిగినవాళ్ళు చేపలైపోతారుగా. నేను పుట్టుకతోనే సగం చేపనంటున్నారు. ఆ మిగిలిన సగం మాత్రం ఎందుకు, పూర్తిగానే అయిపోతాను."

"అమ్మాయ్, ఆగవే," అంది దోన్యా తీనా గుండె మీద చెయ్యి వేసుకుని. "ఇవాళ కాదే."

"ఇవాళే, అమ్మమ్మా."

జనం దారి ఇచ్చారు. ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకావిడ తన మనవడి కళ్ళు మూసింది. నొయేలియా వెనక్కి చూడలేదు. ఈ సముద్రంలో పుట్టి పెరిగినా ఈ ఒక్క రోజు ఆమె ఎన్నడూ దిగలేదు. నీళ్ళు నడుము దాకా వచ్చాక భయం వేసింది, నిజం చెప్పాలంటే. నీళ్ళ కింద కాలివేళ్ళు కదిపి చూసుకుంది. వేళ్ళే. తలదాకా ఒక్క మునక వేసి లేచింది.

లేచి చూసేసరికి ఒడ్డున ఓల్మన్ నిలబడి ఉన్నాడు, భోజనానికని మెడకి కట్టుకున్న చేతిగుడ్డ కూడా తియ్యకుండా.

"నోయే, బయటికి రా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నన్ను చూడటానికి వాళ్ళకి ధైర్యముంది. నీకే లేదు."

"నాకు ఈత రాదు."

"తెలుసు."

"నేను చేపనైపోతే?"

"అప్పుడు ఈతొస్తుంది."

ఓల్మన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒక అడుగు వేశాడు. బూట్లతో, పండగ ప్యాంటుతో, ఇంకో అడుగు. మోకాళ్ళు తడిశాయి, వెనక్కి పరిగెత్తలేదు. నడుము తడిసింది. నొయేలియా దగ్గరకొచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఒడ్డు వైపు తిరిగాడు. వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎండ మాత్రం నడినెత్తి మీద మండుతోంది.

"అమ్మా," అని కేక పెట్టాడు. ఆ తీరంలో ఉన్న జనమంతా విన్నారు. "మూడేళ్ళ నుంచి ఈ అమ్మాయంటే నాకు ప్రాణం. చేసుకుంటే ఈమెనే చేసుకుంటాను. చేపైనా సరే."

అంతవరకు బాగానే ఉంది. వెనక నుంచి అల వచ్చింది. ఓల్మన్ మాయమయ్యాడు.

నొయేలియా వాడి చొక్కా కాలరు దొరకబుచ్చుకుని ఒడ్డు వైపు లాగింది. దగ్గుతూ, ఉప్పునీళ్ళు కక్కుతూ పైకి తేలాడు. వాడి భుజం కింద ఆమె చెయ్యి వేసి, లోతు తక్కువ చోట నిలబెట్టేసరికి పక్కనే చప్పుడు. చర్చికి వేసుకునే నల్ల గౌనుతో, ఎత్తుమడమల బూట్లతో, దోన్యా మెల్బా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఒక చేత్తో కొడుకు చెవి పట్టుకుంది. రెండో చేత్తో, పడిపోకుండా, నొయేలియా భుజం పట్టుకుంది.

* * *

పొద్దుగూకి, చర్చి ఊరేగింపు తిరిగొచ్చేదాకా ఎవరూ కదలకూడదని మెల్బా శాసించింది. ఏమైనా మారితే తన కళ్ళ ముందే మారాలి. తనే గదిలోకి వెళ్ళి మూట విప్పి ఒక ఊయల తెచ్చి కట్టి, ఇద్దర్నీ అందులో కూర్చోబెట్టింది. ఎదురుగా తను స్టూలు మీద కాళ్ళు చాపుకుని, మధ్యమధ్యలో పిక్కలు తడిమి చూసుకుంటోంది.

"నడుము దాకా చేపైతే మత్స్యకన్య అంటారు," అంది దోన్యా తీనా సూపు వేడిచేసి తెస్తూ. "మోకాళ్ళ దాకానే అయితే ఏమంటారో మరి."

"మీరూరుకోండి, దోన్యా తీనా." మెల్బా తన గౌను అంచు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

నొయేలియా ఒక నిమ్మచెక్క అందించింది. "రుద్దుకుంటారా? పోదనుకోండి."

మెల్బా ఆ నిమ్మచెక్క వంక చూసింది, ఆ పిల్ల వంక చూసింది. తీసుకుని సూపులో పిండుకుంది.

"మసాయాలో సముద్రం లేదు, తెలుసా?"

"అక్కడికి వస్తానని ఎవరన్నారు? మీరు నేస్తారు. ఊయలలు అమ్ముడుపోయేది ఇక్కడ. మీ అబ్బాయి ఇక్కడే ఉంటాడు, ఈత నేర్చుకుంటాడు."

"నన్నెవరూ అడగలేదు," అన్నాడు ఓల్మన్.

"నిన్నడిగితే ఉప్పెక్కడుందంటావు," అంది మెల్బా. కానీ వాడి తడితల మీద చెయ్యి అలాగే ఉంచింది. "ఇరవయ్యారేళ్ళకి ఒక్కసారి నా మాట కాదన్నావు. నువ్వు మునిగినప్పుడు నా ప్రాణం పోయిందిరా. ఈ పిల్లే లేకపోతే..." మిగతాది సూపుతో పాటు మింగేసింది.

"మందులషాపు వాళ్ళకి ఏం చెప్తావమ్మా?"

"మావాడు చేపైపోయాడని చెప్తాను."

ఊరేగింపు గంటలు దగ్గరపడ్డాయి. మెల్బా మూడు జతల కాళ్ళూ మరోసారి పరీక్షగా చూసి, అన్నీ కాళ్ళేనని తేల్చింది. దోన్యా తీనా ఊయల కుచ్చుని వేళ్ళతో సవరిస్తూ ఉండబట్టలేక అడిగేసింది.

"మెల్బా, కంగారులో ఈ పిల్లల్ని ఏ ఊయలలో కూర్చోబెట్టావో చూసుకున్నావా?"

"నేసినదాన్ని," అంది మెల్బా, "నాకు తెలియదా?"