సోమలింగం ముడి

"వేళ్లు కాస్త నెమ్మదిగా కదపండి. భయం లేదు, గుచ్చుకోదు," అంది డాక్టర్ యాస్మిన్.

భద్రావతి అరచేతి కింద ఉన్నది అప్పడమంత పలక. దాని నిండా కంటికి ఆననంత సన్నటి సూదిమొనలు, పది లక్షలు. ఇంటర్నెట్‌లో ఏ వస్తువు పేజీ తెరిచినా, ఆ వస్తువు ఎత్తుపల్లాలను బట్టి మొనలు లేస్తాయి, పడతాయి. కర్ర కర్రలాగే, ఉన్ని ఉన్నిలాగే చేతికి తగులుతుంది. రంగు మాత్రం పలక నోటితో చెబుతుంది. చూపు లేనివాళ్లకు ప్రతి దుకాణమూ, ప్రతి వెబ్‌సైటూ అందితీరాలని చట్టం వచ్చి అప్పటికి మూడేళ్లు. బెజవాడ వ్యాపారులు మొదట సణిగారు. పలక పెట్టిన షాపులకు జనం ఎగబడేసరికి, ఆ ఆలోచన తమదే అన్నట్టు బోర్డులు కట్టుకున్నారు.

పుట్టినప్పటి నుంచీ చూపులేని భద్రావతి ఆ ఉదయం ముందుగా జంతుప్రదర్శనశాల పేజీ తడిమింది.

"అమ్మో! ఏనుగు చెవి ఇంత గరుకా? అంచున చిరుగులు కూడా ఉన్నాయే!"

ముప్పై నాలుగేళ్ల మనిషి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఈ పలకల తయారీలో పనిచేస్తూ ఇలాంటివి వంద చూసిన యాస్మిన్‌కి కూడా ఒళ్లు పులకరించింది.

తర్వాత ముకుందం గారి చీరల షాపు పేజీ తెరిచారు. ఒక ఎర్ర చీర వెనకవైపు, ఎడమ అంచుకి జానెడు దూరంలో, భద్రావతి వేలు ఆగిపోయింది.

"మా నాన్న," అంది.

మంగళగిరిలో మగ్గం నేసిన సోమలింగానికి కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. పోగు తెగితే ఎడమచేత్తోనే ముడి వేసేవాడు. ఆ ముడి నువ్వుగింజంత లేచి ఉండేది. నేసిన చీరంతా తడిమి ముడులు వెతకడం చిన్నప్పుడు భద్రావతి పని. అన్నీ కత్తిరించి, ఒక్కటి మాత్రం వదిలేసేవాడు. "ఇది నీ గింజే," అనేవాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. చీరలన్నీ అమ్ముడుపోయాయి, ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు. ఆ చేతి గుడ్డ ఒక్కసారి తాకాలని భద్రావతి ఎన్ని షాపులు తిరిగిందో!

"ఇది నాకు కావాలి డాక్టర్ గారూ. అమ్ముడైపోకముందే షాపుకి చెప్పండి."

కంగారులో చెయ్యి పక్క చీర మీదికి జరిగింది. ఆకుపచ్చ, అంది పలక. అదే జానెడు దూరం, అదే గింజ. పసుపు చీరలోనూ అక్కడే. భద్రావతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా నాన్న ఒకేచోట రెండుసార్లు ఎప్పుడూ ముడెయ్యలేదండీ. పోగు మనకి చెప్పి తెగదుగా."

యాస్మిన్‌కి అర్థమైంది. పలక కోసం చీరను పోగు పోగునా చదివే స్కానర్ తను చేసిందే. ఆ ఫైలు ఎవరో కంప్యూటర్ మగ్గానికి ఇచ్చారు. అది ముడిని కూడా పొల్లుపోకుండా నేసింది. అంటే అసలు చీర ఎక్కడో ఉంది.

ఇద్దరూ ఆటోలో షాపుకి వెళ్లారు. మెట్ల స్థానంలో వాలుదారి ఉంది. గుమ్మం షాపు పేరు చెప్పి పలకరించింది. అడుగుల కింద నేల మీది గట్లు దారి చూపాయి. ముకుందం గారే ఎదురొచ్చారు. ఎర్ర చీర అసలుది సోమలింగం నేసిందేనా అని అడిగింది యాస్మిన్.

"అవునమ్మా, సోమలింగం గారి చీరే! అంతటి పనితనాన్ని అమ్మబుద్ధి కాలేదు. గాజు బీరువాలో పెట్టించాను."

"ఒక్కసారి తాకనివ్వండి బాబుగారూ. నేను ఆయన కూతుర్ని."

ఆయన నొచ్చుకున్నాడు. "పాత నూలు తల్లీ, చెమట తగిలితే పాడైపోతుంది. కళ్లున్నవాళ్లని కూడా ముట్టుకోనివ్వను. అయినా మీలాంటివాళ్ల కోసమేగా పలక పెట్టించింది! ఎంతసేపైనా తాకండి, ఎవరూ వద్దనరు."

మనస్ఫూర్తిగానే అన్నాడు. షాపు పలక స్వయంగా తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

భద్రావతి పలకని బల్ల మీద పెట్టేసి, తడుముకుంటూ వెళ్లి బీరువా మీద అరచెయ్యి ఆనించింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ముకుందం.

"నున్నగా ఉందండీ, చల్లగా ఉంది," అంది. "మా నాన్న చెయ్యి ఇలా ఉండేది కాదు."