కవర్ మీద జగ్గమ్మ చెయ్యి

"ఇదేటి భాస్కర్, ఈ గిటారెవుడిది?"

అరుణశ్రీ నాతో మాట్లాడిన మొదటి మాట అదే. 2014లో మేం ఎచ్చెర్లలో జర్నలిజం చదివేవాళ్ళం. ప్రాజెక్టుకి మా ఇద్దరినీ ఒక జట్టుగా వేశారు. మన జిల్లా పాటల మీద పత్రిక చెయ్యాలి. రాత తనది, డిజైన్ నాది. కవర్ నమూనా మీద నేను గిటారు బొమ్మ పెట్టాను.

"ఎవరిదో. నెట్‌లో దొరికింది."

"మన పాటలకి గిటారెందుకు భాస్కర్?"

"మ్యూజిక్ మేగజైన్ అంటే అంతే. పైన పెద్దక్షరాల్లో పేరు, కింద పెద్ద మొహం, మొహం మీద ఒక్క మచ్చ ఉండకూడదు. ఈ రూల్స్ నేను పెట్టలేదు, ప్రపంచం పెట్టింది."

"నీ ప్రపంచానికి మా అమ్మమ్మ తెలీదు భాస్కర్. రేపు రా, సూపిస్తాను."

ప్రతి మాటకీ నా పేరు తగిలించేది. కాలేజీ గేటు దగ్గర అరిస్తే క్యాంటీన్‌లో ఉన్న నాకు వినిపించేది. నేను పడిపోయింది ఆ పిలుపుకే.

మర్నాడు శ్రీకూర్మం దాటి వాళ్ళ పల్లెకి వెళ్ళాం. ఒడ్డున మగాళ్ళు వల లాగుతుంటే వాళ్ళ అమ్మమ్మ జగ్గమ్మ పాడుతోంది. సముద్రం మీద వేటకెళ్ళినవాళ్ళ పేర్లు పాటలో ఒక్కొక్కటే వస్తున్నాయి. ఒకచోట ఆవిడ గొంతు ఆపి ఎడమ చెయ్యి పైకెత్తింది. వల లాగేవాళ్ళంతా "అప్పలసూరీ!" అని అరిచారు. నేను ఫోటో తీశాను.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అరుణశ్రీ చున్నీ తీసి కెమేరా మీద కప్పింది.

"మరి నేను తడవనా?"

"నువ్వు తడిస్తే ఆరతావు భాస్కర్. కెమేరా కాలేజీది."

ఆ సంబరంలో పడి, ఆవిడ చెయ్యి ఎందుకెత్తిందో నేను అడగలేదు.

అరుణశ్రీ కోసం గిటారు తీసేశాను. అదే పెద్ద విప్లవం అనుకున్నాను. మిగతా రూల్స్ మాత్రం ఒక్కటీ వదల్లేదు. రెండు రోజులు కూర్చుని జగ్గమ్మ మొహం మీద మచ్చలు తుడిచాను. ఎత్తిన ముంజేతి మీద ఏదో పాత పచ్చబొట్టు, అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. నాటుగా ఉందనిపించింది. అదీ తుడిచేశాను. తెలియక చేశానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, తెలిసే తుడిచాను.

ప్రింటు తీసుకెళ్ళి గర్వంగా ఆవిడ చేతిలో పెట్టాను. జగ్గమ్మ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది. కాగితం మీద ముంజెయ్యి ఉన్నచోట వేలితో తడిమింది.

"ఆయనేడి బాబూ?"

నాకు అర్థం కాలేదు. అరుణశ్రీ ఆ కాగితం లాక్కుని చూసింది.

"మావోళ్ళలో మొగుడి పేరు నోటితో అనరు. పాటలో తాతయ్య పేరొచ్చినపుడు అమ్మమ్మ సెయ్యెత్తుతాది, మిగతావోళ్ళు పిలుస్తారు. ఆయన ఏటకెళ్ళి మరి రానేదు. ఒక్క ఫోటో కూడా నేదు. ఆ సెయ్యి మీద పేరొక్కటే ఉన్నాది. దాన్ని నువ్వు సెరిపీసినావు."

"ఊరుకోవే, ఆ బాబుకేటి తెలుసు," అంది జగ్గమ్మ.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. బస్సులో ఎవరూ నన్ను చూడకపోయినా తల పైకెత్తలేకపోయాను. ఆవిడ చేతిని నాటు అనుకున్నవాణ్ణి, అరుణశ్రీ కళ్ళలోకి ఎలా చూడను?

వారం రోజులు తను నాతో మాట్లాడలేదు. గేటు దగ్గర నా పేరు వినిపించలేదు.

ఆ వారంలో కవర్ మళ్ళీ చేశాను. మొహం లేదు. పేజీ నిండా ముంజెయ్యి, దాని మీద అలుక్కుపోయిన ఆ పచ్చటి అక్షరాలు. పైన ఉండాల్సిన పత్రిక పేరు కింద మూలకి, చిన్నగా.

"పత్రిక పేరు ఎవరికి కనపడుతుందయ్యా? మార్కులు పోతాయి," అన్నారు మా లెక్చరర్ నరసింగరావు గారు.

"పోనివ్వండి సార్. పెద్దక్షరాల్లో ఉండాల్సిన పేరు ఈ చేతి మీద ఉన్నదే."

ఆ కాపీ తీసుకుని ఒక్కణ్ణే పల్లెకి వెళ్ళాను. గుమ్మంలో అరుణశ్రీ ఉంది. పక్కకి తప్పుకుంది.

"తప్పయిపోయింది అమ్మమ్మా. అడక్కుండా చెరిపేశాను. నాకు సిగ్గుగా ఉంది," అన్నాను.

జగ్గమ్మ కవర్ పక్కన తన చెయ్యి పెట్టి, రెండూ మార్చి మార్చి చూసుకుంది.

"వచ్చీసినాడు," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మనవరాలి వైపు తిరిగింది. "ఒసే, ఈ గుంటడి పేరేటన్నావే?"

కాలేజీ అంతా దద్దరిల్లేలా ఆ పేరు అరిచిన పిల్ల నోరు మెదపలేదు. నా జేబులో పెన్ను లాక్కుంది. ముంజేతి మీద ఏదో రాసి, అమ్మమ్మ ముందు చెయ్యెత్తి పట్టుకుంది.

జగ్గమ్మ పకపకా నవ్వింది.

"నాకు సదువు రాదు గానీ, ఇది సదవగలనే."