జాబితాలో మొదటి మాట

2081 నాటికి కాకినాడలో పక్షవాతంతో ఎవరూ చనిపోవడం లేదు. మెదడులో రక్తం గడ్డకట్టిన సంగతిని ముంజేతి పట్టీ అర నిమిషంలో పసిగట్టి, దాన్ని కరిగించే మందును తానే నరంలోకి పంపేది. మనిషి బతికేవాడు, లేచి నడిచేవాడు. అయితే ఆ కాస్త వ్యవధిలోనే కొందరికి మాట పోయేది. సముద్రపు గోడ పక్కనున్న పునర్వాణి కేంద్రానికి వచ్చేది అలాంటివాళ్లే.

దాన్ని నడిపే డాక్టర్ మేదిని పన్నెండేళ్లు ఒకే ఒక్క ప్రొటీన్ మీద పనిచేసింది. మెదడు కణాల పైపొరలో ఉండి బయటి కబురు అందుకునే ఆ గ్రాహకం పేరు ట్రాక్-బి. దాని తల కణం బయట ఉంటుంది. అక్కడి నుంచి సన్నని పోగు ఒకటి పొరను దాటి లోపలికి వస్తుంది. లోపలి కొసన కైనేజ్ అనే భాగం ఉంటుంది. ఫాస్ఫేట్‌ను తెచ్చి, ప్రొటీన్‌లో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట అతికించడం దాని పని. చిత్రమేమిటంటే, ఒంటరిగా ఉన్న గ్రాహకం వల్ల దాదాపు ఏ పనీ కాదు. బయటి నుంచి ఎదుగుదల పదార్థం వచ్చి రెండు గ్రాహకాలను జత చేయాలి. అప్పుడు ఇది దాని టైరోసిన్‌కు, అది దీని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. కబురు కణం లోపలికి పోతుంది, పక్క కణంతో ఉన్న బంధం గట్టిపడుతుంది. మనం ఏదైనా నేర్చుకున్నామంటే లోపల ఇలాంటిదే జరిగిందన్నమాట.

మేదిని తయారుచేసి రోగుల మీద పరీక్షిస్తున్న జోడుపట్టు అనే మందుకు రెండు చేతులు. ముక్కులో చల్లితే మెదడుకు చేరి ముడుచుకుని ఉంటుంది. తలకు పెట్టిన టోపీ నుంచి చెవికి వినపడని ధ్వని ఏ భాగం మీద పడితే ఆ భాగంలో మాత్రమే చేతులు చాచి, రెండేసి గ్రాహకాలను దగ్గరకు లాగుతుంది. నలభై నిమిషాలపాటు ఆ భాగం పసిపిల్లల మెదడులా నేర్చుకుంటుంది. అప్పుడు నాటుకున్నది ఊడిరాదు. అందుకే నేర్పవలసిన మాటల జాబితాలో ఒక్క మాట కూడా మార్చకూడదని మేదిని నియమం పెట్టింది.

జస్వంత్‌కు డెబ్బై రెండేళ్లు. రేవులో మనుషులు నడిపిన ఆఖరి క్రేన్ మీద పనిచేసినవాడు. అంత ఎత్తు నుంచి అరిచి అరిచి ఇంట్లో కూడా కేకలేసి మాట్లాడేవాడు. పక్షవాతం వచ్చాక ఆ గొంతులో మూలుగు తప్ప మరేమీ మిగల్లేదు. అతనికి మాటలు నేర్పే పని భార్య సహస్ర తీసుకుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి అతని తలకు టోపీ పెట్టించి, జాబితా చేతపట్టుకుని ఎదురుగా కూర్చునేది. అతను ఇంట్లో ఎక్కువగా వాడిన నాలుగు వందల మాటలను ముంజేతి పట్టీలోని పాత రికార్డుల నుంచి ఏరి ఆ జాబితా చేసింది గమని. కేంద్రంలో ప్రతి రోగినీ కనిపెట్టి ఉండే యంత్రం అది.

ఏడో వారానికి జస్వంత్‌కు అరవై మూడు మాటలు వచ్చాయి. ఆ రోజు గమని మేదినితో ఒక విషయం చెప్పింది.

“జాబితాలో మొదటి మాట ఇంతవరకు ఆయన నోట రాలేదు.”

“ఏమిటా మాట?”

“మొద్దు. రోజుకు పదకొండుసార్లు వాడేవారు. ప్రతిసారీ భార్యను పిలవడానికే.”

మేదినికి ఆశ్చర్యం వేసింది. మాట పోయినవాళ్లకు నోట నానిన తిట్లే ముందుగా తిరిగి వస్తాయి. ఇతనికి మాత్రం ఎందుకు రాలేదు? జాబితా తొలిసారి సహస్ర చేతికిచ్చిన రెండో రోజు రికార్డు తెరిచి చూసింది. జాబితా చూస్తూ సహస్ర కాసేపు ఆగింది. తర్వాత ఆ మాట వదిలేసి, “సహస్ర. అనండి, సహస్ర,” అని తన పేరు చెప్పింది.

మేదిని ఆమెను పిలిచి అడిగింది. సహస్ర దాచలేదు.

“నలభై మూడేళ్లండి డాక్టరుగారూ. మొద్దూ కాఫీ, మొద్దూ చెప్పులు. పిల్లల ముందు, పెళ్లిళ్లలో, అందరి ముందూ అదే. ఒక్కసారి పేరు పెట్టి పిలిచి ఎరగరు. ఇప్పుడా మాట నా నోటితో నేనే ఎలా నేర్పనండి?”

ఆమె బాధ మేదినికి అర్థమైంది. కానీ కాదనలేని స్థితిలో ఉన్న మనిషి మెదడులో మరొకరు తమకు కావలసింది నాటుకున్నారు. ఇది దాస్తే రేపు జోడుపట్టును ఎవరైనా దేనికైనా వాడతారు. ఆమె జరిగింది జరిగినట్టు రాసి పర్యవేక్షక సంఘానికి పంపింది. సంఘం ప్రయోగమంతా ఆపించి, జస్వంత్‌ను విచారణకు పిలిచింది.

అక్కడ మేదిని అతన్ని ఆ మాట గుర్తుందా అని అడిగింది. అతను ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

“మొదటి రోజే... వచ్చింది. నోటిదాకా. మర్నాడు సహస్ర... కాగితం చూసి ఆగింది. మొహం... చూశాను. మింగేశాను.”

సంఘానికి అది చాలలేదు. భార్య మొహం చూసి కలిగిన ఆ జాలి కూడా జోడుపట్టు నాటినదే కావచ్చు కదా అన్నారు. తేల్చడానికి ఒకటే దారి ఉంది. ప్రయోగంలోని అరవై మందిలో సగం మందికి జోడుపట్టు లేని ఉప్పునీటినే చల్లారు. ఎవరికి ఏది ఇచ్చారో గమనికి తప్ప మేదినికి కూడా తెలియదు. జస్వంత్ వివరం చెప్పమని సంఘం గమనిని ఆదేశించింది.

“ఉప్పునీరు,” అంది గమని.

ఆ జాలి అతనిదేనని తేలడంతో సంఘం ప్రయోగాన్ని మళ్లీ సాగనిచ్చింది. వేసవి చివర ఫలితాలు వచ్చాయి. జోడుపట్టు అందినవాళ్లలో ఇరవై ఎనిమిది మంది మామూలుగా మాట్లాడుతున్నారు. మేదిని పన్నెండేళ్ల శ్రమ ఫలించింది. ఉప్పునీరు అందినవాళ్లకు కూడా అసలు మందు ఇస్తామని చెప్పడానికి ఆమె బయలుదేరి మొదట జస్వంత్ ఇంటికే వెళ్లింది.

సహస్ర అంతా విని నెమ్మదిగా అడిగింది.

“అయితే నేను చెప్పింది ఆయన బుర్రలో అతుక్కుపోలేదా అండి?”

“లేదమ్మా. అందరూ నేర్చుకున్నట్టే నేర్చుకున్నారు. కష్టపడి.”

సహస్ర కొంగుతో మొహం తుడుచుకుంది. అతను పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ ఆ పిలుపు తాను దొంగతనంగా పెట్టించుకున్నట్టు ఉండేదని, అందుకే ఇన్నాళ్లూ సరిగా పలకలేదని చెప్పింది. అసలు మందు కావాలా అని మేదిని అడిగితే జస్వంత్ వెంటనే తలూపాడు. మనవరాలి పేరుకు అతనికి ఇంకా నోరు తిరగడం లేదు.

సోమవారం పొద్దున కేంద్రంలో అతనికి జోడుపట్టు చల్లి టోపీ పెట్టారు. మేదిని జాబితా ఇవ్వబోతే సహస్ర తీసుకోలేదు.

“ఈసారి మీరు నేర్పండి. అన్నీ.”

“మొదటి మాట కూడానా?”

“అదీ నేర్పండి. వచ్చినా అనకుండా ఉండటం ఆయనకి వచ్చు.”

ఆమె బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. మేదిని మొదటి మాట చదివింది. జస్వంత్ దాన్ని ఎక్కడా తడబడకుండా, తన పాత గొంతుతో పలికాడు. వెంటనే తలుపు వైపు చూశాడు. అది వేసే ఉంది.

“రెండోది చెప్పండమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి.