ఎవరి బానెట్ వాళ్లదే

శుభవార్త వచ్చేసరికి ఏజెంట్ కృష్ణచైతన్య పలాసలో ఒక టిఫిన్ హోటల్లో కూర్చుని వేడి ఇడ్లీ మీద కారప్పొడి చల్లుకుంటున్నాడు. వీధంతా జీడిగింజలు కాలుతున్న కమ్మటి వాసన. ఎదురుగా భార్య ధరణి. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. ఆమె మెట్టెలు బల్ల కింద నేలకు తగిలి టక్కుమన్నప్పుడల్లా ప్రపంచం చాలా బాగుందనిపిస్తోంది అతనికి.

చెవిలో ఇయర్‌పీస్ గరగరమంది.

“ఈగల్ టు పెలికాన్. కంగ్రాచ్యులేషన్స్! ట్రాన్స్‌మిటర్ జాడ దొరికింది.”

విశాఖ నుంచి చీఫ్ మల్లేశ్వరరావు.

“ఎక్కడ సార్?”

“నీ కార్ల క్లబ్బులోనే. పోయిన ఆదివారం మీ కార్లు తీరం వైపు వెళ్లినప్పుడు టెస్ట్ సిగ్నల్ పట్టుకున్నాం. మూడు కార్లలో ఒకదాంట్లో ఉంది.”

“ఈ వేళ మధ్యాహ్నం తీరంలోని టవర్‌లో కొత్త రాడార్ ట్రయల్ కదా సార్!”

“అందుకే చెబుతున్నాను. రాడార్ ఆన్ అయినప్పుడు ఆ పెట్టె రేంజ్‌లో ఉంటే గుట్టంతా రికార్డు చేసి సముద్రంలో ఉన్న బోటుకు పంపిస్తుంది. ఆ తర్వాత మన తీరం గుడ్డిదే. ఈ వేళ మీ క్లబ్బు రైడ్ ఆపకు. ఆపితే బోటు పారిపోతుంది. అందులో గ్రెగర్ ఉన్నాడు. నౌపడలో టీకి ఆగుతారుగా, ఆ పెట్టెను అక్కడ పట్టుకో. ఓవర్.”

గ్రెగర్ అంటే కొబ్బరి పీచు వ్యాపారి వేషంలో ఉద్దానమంతా తిరిగే విదేశీ ముఠా నాయకుడు. అతని కోసమే చైతన్య జీడి యంత్రాల సేల్స్‌మన్‌గా పలాస వచ్చాడు. ఇంటెలిజెన్స్ బ్యూరోలో సిగ్నల్స్ చూసే ధరణి కొత్త పెళ్లికూతురిగా వచ్చింది. ఆ వేషానికి మేకప్ అవసరం లేకపోయింది.

హోటల్ బయట వాళ్ల ఎర్ర టూ సీటర్ నిలబడి ఉంది. క్లబ్బులో ముగ్గురే సభ్యులు, ముగ్గురివీ స్పోర్ట్స్ కార్లే. ఎవరి కారు వాళ్లే రిపేరు చేసుకోవాలి, ఎవరి మార్పులు వాళ్లే చేసుకోవాలి, ఒకరి బానెట్ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఆ క్లబ్బుకున్న మర్యాదంతా ఇదే. చైతన్య ఆ కారు బాడీని సొంతంగా నేలకు బాగా దగ్గరగా కిందికి దించాడు, సైలెన్సర్ మార్చాడు, ఇంజన్ పికప్ పెంచే పవర్ బాక్స్ బిగించాడు. గోళ్లలో నల్లటి గ్రీజు చూసుకుని మురిసిపోయేవాడు.

“మూడిట్లో ఒకటి మనదే కదేటి బావా?” అంది ధరణి. “ముందు దాన్ని సూసుకుందాం.”

అతనికి చివుక్కుమంది. “ఇందులో ప్రతి నట్టూ నా చేత్తో బిగించాను ధరణీ.”

జేబులోంచి టైరు గాలి చూసే గేజ్ తీశాడు. అసలుకది ట్రాన్స్‌మిటర్లను పసిగట్టే డిటెక్టర్. కారు చుట్టూ తిప్పాడు. గేజ్ కుయ్యిమనలేదు.

“చూశావా?”

“సూశాను” అందామె, నమ్మనట్టుగానే.

నౌపడలో రోడ్డుకు అటూ ఇటూ ఉప్పు మడులు ఎండకు తళతళలాడుతున్నాయి. టీ బడ్డీ ముందు మిగతా రెండు కార్లు అప్పటికే ఆగి ఉన్నాయి. పసుపు కారు నిమ్మాడ భూస్వాముల ఇంటి బాబ్జీది. తెల్ల కారు జీడిపప్పు ఎగుమతి చేసే మాధురిది. ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కారు దిగితే టీ బడ్డీ దగ్గర సంభాషణ ఆగిపోతుంది.

చైతన్య అనుమానమంతా బాబ్జీ మీదే. క్లబ్బులో అందరూ బానెట్ ఎత్తి గొప్పలు చూపించుకుంటుంటే ఇతను మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ‘ఇంజనంతా ఇప్పీసి బిగించీసినాను’ అనడమే తప్ప చూపించింది లేదు.

“మావా, అల్లం టీ తాగుతావా?” అన్నాడు బాబ్జీ నవ్వుతూ.

“బానెట్ తెరువు.”

“ఏటి?”

“సెంట్రల్ ఇంటెలిజెన్స్. తెరువు.”

ఐడీ కార్డు చూసి బాబ్జీ గ్లాసు కింద పెట్టాడు. లుంగీల్లో ఉన్న ఇద్దరు మఫ్టీ పోలీసులు ముందుకొచ్చారు. ఉప్పు పనివాళ్లు మూగారు. చైతన్య స్వయంగా లీవర్ లాగి బానెట్ ఎత్తాడు. గేజ్ మోగలేదు. ఇంజన్ మూత కూడా విప్పించాడు. ట్రాన్స్‌మిటర్ లేదు. మూత లోపల మాత్రం విశాఖలోని ఒక వర్క్‌షాపు స్టిక్కర్లు వరసగా అతికించి ఉన్నాయి. ఆయిల్ మార్చినందుకొకటి, బెల్టు వేసినందుకొకటి, చివరికి వైపర్ బ్లేడు మార్చినందుకు కూడా ఒకటి.

గుంపులో ఎవరో పకాల్న నవ్వారు. “మొత్తం నేనే సేసుకున్నాను అన్నాడు గదరా!”

“వైపరు కూడా యేయించుకున్నాడురోయ్!”

బాబ్జీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. చైతన్య దగ్గరకొచ్చి చాలా నెమ్మదిగా అన్నాడు.

“నాకు స్పానర్ పట్టుకోడం రాదు మావా. మీరిద్దరూ సేసుకుంతంటే నానూ సేసుకుంతన్నట్టు ఉండాలని... ఒక్కడివీ వచ్చి అడిగితే సెప్పీవోడిని. ఇంతమందిలోన తెరిసినావేటి?”

చైతన్య బానెట్ కిందికి దించాడు. అది మూసుకున్న చప్పుడు కూడా తప్పుగానే వినిపించింది.

వెనక నుంచి మాధురి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“పోయిన వారం నేనిచ్చిన పవర్ బాక్స్ టెక్కలి షెడ్డులో ఇచ్చారా?”

“ఎందుకివ్వాలి? నేనే బిగించుకున్నాను. పికప్ అదిరిపోయింది.”

మాధురి కళ్లద్దాలు తీసేసింది. ఆ కళ్లలో గ్లామర్ లేదు, భయం ఉంది.

“ఈ ఏడు కొంగలు తొందరగా వచ్చాయి” అంది.

“గూళ్లు ఇంకా కట్టలేదు” అనేశాడతను, అలవాటుగా. అది బ్యూరో కోడ్ అని ఆ తర్వాత వెలిగింది. ఆమె ముఠా మనిషి కాదు. ముఠాలో బ్యూరో పెట్టిన మనిషి!

“మీరు మనవాళ్లని తెలిసే ఆ పెట్టె మీ చేతికిచ్చాను” అంది మాధురి. “గ్రెగర్ మనిషి నా పక్కనే ఉన్నాడు, అంతకంటే ఏం చెప్పగలను? ‘మీరు బిగించుకోకండి, షెడ్డులో ఇవ్వండి’ అని ఎన్నిసార్లు చెప్పాను! ఆ షెడ్డు మనదే. ఆ రోజు నుంచి నా ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంది.”

“నాకు పని రాదని ఎగతాళి చేస్తున్నారనుకున్నాను.”

ధరణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మరి గేజ్ ఎందుకు మోగనేదు?”

చైతన్య ఉప్పు మడుల వైపు ముఖం తిప్పుకున్నాడు.

“పోయిన వారమంతా కారెక్కితే చాలు, మోగుతూనే ఉంది. పాడైందనుకుని విప్పి... బాగుచేశాను.”

ధరణి నుదురు కొట్టుకుంది. తిడితే బాగుండుననిపించిందతనికి.

ఇయర్‌పీస్ గరగరమంది. “పెలికాన్, ట్రయల్ ముందుకు జరిపారు. రాడార్ ఇప్పుడే ఆన్ అవుతోంది. పెట్టె దొరికిందా?”

“దొరికింది సార్.”

“వెరీ గుడ్! ఎవరి కార్లో?”

“...నా కార్లో సార్.”

అవతల చీఫ్‌కు పొలమారింది.

చైతన్య ఎర్ర కారు బానెట్ ఎత్తాడు. పవర్ బాక్స్ మీద ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటోంది.

“రికార్డింగ్ మొదలైంది” అంది మాధురి. “లైటు ఆగకుండా వెలిగితే బోటుకు పంపేస్తున్నట్టు. లోపల దానికి సొంత బ్యాటరీ ఉంది.”

స్పానర్ పెట్టాడు. జారిపోయింది. మళ్లీ పెట్టాడు. జారిపోయింది. దొంగలు విప్పుకుపోకుండా బోల్టుల తలలన్నీ తానే అరగదీశాడు. పైన ఎపాక్సీ గమ్ము దట్టించాడు. ఆ రోజు దాన్ని ఫోటో తీసి ధరణికి చూపించాడు కూడా. సుత్తితో కొట్టాడు. స్టీలు పెట్టె, సొట్టయినా పడలేదు. జీవితంలో అంత గట్టిగా బిగించిన పని ఇంకొకటి లేదు.

మిణుకు వేగం పెరిగింది.

రోడ్డు పక్కన ఉప్పు మడి. దాని అవతల మడులకు సముద్రపు నీళ్లు పెట్టే కాలువ నిండుగా ఉంది.

“తప్పుకోండి!”

బానెట్ దించి కారెక్కాడు. పికప్ నిజంగానే అదిరిపోయింది. కారు గట్టు దాటి, తీతకు సిద్ధంగా ఉన్న తెల్లటి ఉప్పును చీల్చుకుంటూ వెళ్లి, ముక్కుతో కాలువలో పడింది. తానే కిందికి దించిన కారు కదా, బానెట్ మొత్తం మునిగిపోయింది. అద్దానికి అవతల, బానెట్ సందులోంచి ఉప్పునీటిలో ఎర్ర లైటు ఒక్కసారి నిండుగా వెలగబోయి, నల్లబడిపోయింది.

ముందుగా నీళ్లలోకి దూకింది బాబ్జీ. తలుపు లాగి, కాలరు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

“బతికున్నావేటి మావా?”

“ఉన్నాను బాబ్జీ. నన్ను...”

“ముందు ఒడ్డుకి రా. సెమాపణలు తరవాత. అందరూ ఉన్నప్పుడు సెప్పు, నన్ను అందరి ముందే గదా తెరిసినావు.”

చైతన్య ఒడ్డుకొచ్చి, బట్టల్లోంచి నీళ్లు కారుతుండగా, గుంపు ముందు నిలబడి చెప్పాడు. బాబ్జీ ఏ తప్పూ చేయలేదని. పెట్టె తన కార్లోదని. దాన్ని తన చేత్తోనే బిగించానని. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకామె మాత్రం గుంపును తోసుకుని ముందుకొచ్చింది. ఆ మడి చేసుకునే అప్పలమ్మ.

“నీ గూడుపుఠాణీ నాకెందుకు నాయినా? నా ఉప్పు సూడు!”

తెల్లటి మడిలో రెండు నల్లటి చారలు. గట్టుకు తగిలి పగిలిన ఆయిల్ ట్యాంకు నుంచి కారిన జిడ్డు పాకుతోంది.

“రేపు తీద్దామనుకున్నాను. పిల్లోడికి బట్టలు కొందామనుకున్నాను” అందామె. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది. దేశం గట్టెక్కిందన్న మాట చైతన్య నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది. తల దించుకున్నాడు.

ఇయర్‌పీస్ ఇంకా పనిచేస్తోంది. అది తను విప్పి చూడలేదు మరి.

“పెలికాన్! సిగ్నల్ కోసం దగ్గరకొచ్చిన బోటును కోస్ట్ గార్డ్ పట్టేసింది. గ్రెగర్ మన చేతిలో ఉన్నాడు. రేపు పొద్దున విశాఖ రా. ఢిల్లీ వాళ్లు నీకు షేక్‌హ్యాండ్ ఇస్తారట.”

“రేపు రాలేను సార్. ఆ షేక్‌హ్యాండ్ మాధురిగారికివ్వండి. పొద్దున్నే ఉప్పు మడి కడగాలి. అప్పలమ్మగారి ఉప్పు డబ్బులు కూడా నా జీతంలోంచి ఇస్తాను.”

“మడి కడగడానికి కూలీలను పెట్టుకోవయ్యా!”

చైతన్య బాబ్జీ వైపు చూశాడు. బాబ్జీ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, పార ఎలా పట్టుకోవాలో అప్పలమ్మను అడుగుతున్నాడు. ధరణి చీర చెంగు నడుముకు దోపుకుని మడి గట్టు మీద కూర్చుంది. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

“లేదు సార్” అన్నాడు చైతన్య. “ఇది నా చేత్తోనే చేయాలి. రేపు తెల్లవారగానే మొదలుపెడతాం. మేం ముగ్గురం.”

చీఫ్ నిట్టూర్చాడు.

“సరే, కడుగు. కానీ పెలికాన్, ఇది ఆర్డర్. ఆ మడికి మోడిఫికేషన్లేవీ చేయకు.”