కప్పులేని బరిలో రాక్షసుడి బంతాట

మణిగిరి రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. ఉత్తరపు అడవిలో గండశిలుడనే రాక్షసుడు ఒక ఆటబరి కట్టాడు. పడుచువాళ్లను పట్టుకుపోయి తనతో బంతాట ఆడించేవాడు. ఓడినవాళ్లను రాళ్లుగా మార్చి బరి ముందున్న గోడలో పేర్చేవాడు. రాజుగారు సైన్యాన్ని పంపితే ఏమైంది? గోడ ఇంకాస్త పెరిగింది, అంతే!

కట్టెలు కొట్టే సింగన్న కూడా అలాగే రాయైపోయాడు. అతని చెల్లెలు నాంచారికి అమ్మయినా నాన్నయినా అతనే. ఆకు కదిలినా గుండె జారిపోయే పిల్ల అది. అయినా అన్న లేని ఇంట్లో ఉండలేక ఏడుస్తూనే అడవిబాట పట్టింది.

దారిలో పులి గాండ్రింపు వినబడి గబగబా చెట్టెక్కేసింది. ఆ కొమ్మ మీదే ఒక ముసలి ముని తపస్సు చేసుకుంటున్నాడు.

"ఎక్కడికి తల్లీ, ఇంతలా వణుకుతూ?" అన్నాడు కళ్లు తెరిచి.

నాంచారి వెక్కుతూ అంతా చెప్పింది.

"ఆ రాక్షసుడు తన ఆట నియమం తానే తప్పలేడు. ఓడితే వాడూ రాయైపోవాల్సిందే, అది వాడికున్న శాపం. కాబట్టి శ్రద్ధగా విను. బరి మధ్యలో రెండు గీతలుంటాయి. ఆట మొదలుపెట్టేవాళ్లు వాటి నడుమ నిలబడి, బంతిని ఒకసారి నేలకు కొట్టి, అది లేచాక గోడకు కొట్టాలి. తిరిగొచ్చిన బంతి వెనకగీత అవతల పడాలి. అవతలివాళ్లు దాన్ని రెండోసారి నేలను తాకనివ్వకుండా మళ్లీ గోడకు పంపాలి. పక్కగీతలు దాటినా ఓటమే. పైన కప్పు లేదు. బంతి గోడమీదుగా ఎగిరిపోయిందంటే అంతే సంగతులు!" అని, బంతిని కొట్టడానికి నరాలతో అల్లిన బంతికోల ఒకటి చేతికిచ్చాడు ముని.

బరి చేరగానే నాంచారి గోడవైపు చూసింది. గోడ అడుగున, సరిగ్గా నడుమ, రాతిలో సింగన్న ముఖం!

"మీ అన్నేగా? నీకు బాగా కనబడాలనే అక్కడ పెట్టాను. నేను ఒక్కసారి ఓడితే అందరినీ వదిలేస్తా. నువ్వు మూడుసార్లు ఓడితే వాడి పక్కనే నీ చోటు!" అని గండశిలుడు పకపకా నవ్వాడు.

వచ్చిన ప్రతివాళ్లకూ వాడు ఇలాగే చేసేవాడు. అయినవాళ్ల ముఖానికి దెబ్బ తగులుతుందేమోనని అందరూ బంతిని పైకి కొట్టేవాళ్లు. పైన కప్పు లేదాయె!

రాక్షసుడు మొదలుపెట్టిన మొదటి బంతిని నాంచారి కూడా అలాగే కొట్టింది. బంతి గోడ దాటి అడవిలో పడింది. ఆమె పాదాలు బండబారాయి. రెండోసారి పక్కకు కొడితే గీత అవతల పడింది. ఈసారి మోకాళ్లదాకా చల్లని రాయి పాకింది.

రాక్షసుడు మూడో బంతి కొట్టి, ఈసారి ఆమె మళ్లీ పైకే కొడుతుందని వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. బంతి గోడకు తగిలి, నేలమీద ఒకసారి పడి, నాంచారి పక్కకే లేచింది. పైకి కొడితే అన్న ఎప్పటికీ రాయే! ఆ భయం ముందు మిగతా భయాలన్నీ చిన్నవైపోయాయి.

"అన్నా, కోప్పడకు!" అని కేక పెట్టి, నడుము వంచి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

బంతి నేలకు జానెడెత్తులో వెళ్లి సింగన్న నుదుటికి ఠపీమని తగిలింది. ఆ బంతి మళ్లీ పైకి లేవనే లేదు. రాక్షసుడు పరిగెత్తుకొచ్చేలోపు రెండోసారి నేలను తాకి దొర్లిపోయింది. గండశిలుడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే బండరాయైపోయాడు. గోడ కూలి, రాళ్లన్నీ మనుషులై లేచి నిలబడ్డాయి.

అందరూ నాంచారిని భుజాల మీద మోసుకుంటూ మణిగిరికి తీసుకెళ్లారు. రాజుగారు ఆ అడవిసీమకు ఆమెనే రాణిని చేశారు. మేళతాళాల మధ్య సింహాసనమెక్కినా డోలు దెబ్బ వినబడ్డప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతూనే ఉంది. పక్కనే అన్న, నిమ్మకాయంత బొప్పి కట్టిన నుదురు తడుముకుంటూ కూర్చున్నాడు.

"బాగా నొప్పిగా ఉందా అన్నా?" అంది కళ్లనీళ్లతో.

"ఉందే పిచ్చిపిల్లా! రాయిగానే ఉంటే ఈ నొప్పి తెలిసేదా మరి?" అని సింగన్న నవ్వాడు.