దక్షిణ సముద్రంలో రెండు డిగ్రీలు

"రెండు డిగ్రీలు మార్చినారు షాబాజ్. అంతే," అన్నాడు చీఫ్ హరిప్రసాద్.

పెనుకొండ బస్టాండు పక్కన టీ కొట్టు. ఏజెంట్ షాబాజ్ ధర్మవరం చీరల వ్యాపారి వేషంలో ఉన్నాడు. అతని టీలో ఈగ పడింది. వినబోయేదానికంటే ఈగే నయం.

"ఆఫ్రికా కింద సముద్రంలో వేడినీళ్ళు, చల్లనీళ్ళు కలిసే చోటుండాది. ఆడ నీటి వేడిని బట్టి గాలులు దారి మార్చుకుంటాయి. మన వానల మోడల్‌కి ఆ డేటా కావాల. విదేశీ ముఠా ఒకటి దాన్ని మార్చేసింది. నాలుగింటికి మోడల్ రన్. ఈ వారమే వాన, విత్తుకోండని రైతుల ఫోన్లకి మెసేజ్ పోతాది."

"నిజం?"

"ఇరవై రోజులు చుక్క పడదు."

"వాళ్ళకేం లాభం సార్?"

"ట్రయల్. ఈడ ఎండిపోతే అడిగే నాథుడు లేడని మన ఊర్లే ఎంచుకున్నారు."

థూ! షాబాజ్ టీ పారబోశాడు.

"హిందూపురంలో హీనా మన ఏజెంట్. వాళ్ళ ఏజెంట్ కూడా అని నా అనుమానం. జాగ్రత్త."

దారిలో సోమందేపల్లి దగ్గర ముసలి రైతు నల్లమ్మ విత్తనానికి వేరుశనక్కాయలు చేత్తో ఒలుస్తోంది. మిషన్‌లో వేస్తే పప్పు చీలి మొలవదు.

"మెసేజ్ వస్తానే పొడిదుక్కిలోనే ఏసేస్తామప్పా. ఇంకో మూట లేదు," అంది.

హిందూపురంలో చీరల షాపు పైగది. హీనా అందంగా నవ్వింది.

"పచ్చంచు చీర ఉందా?"

"పసుపంచే మిగిలింది."

కోడ్ సరిపోయింది. వెంటనే సైలెన్సర్ పిస్టల్ అతని గుండెకు గురిపెట్టింది. లాప్‌టాప్‌లో మోడల్ రన్‌కి ఇంకా మూడు నిమిషాలు. గదినిండా అత్తరు.

"మీ అమ్మ రోషన్‌బీ యాడుండాది?" అన్నాడు షాబాజ్.

"ముదిగుబ్బలో. ఆమెను దీంట్లోకి లాగొద్దు."

షాబాజ్ వాచీ నొక్కాడు. పొద్దున చీఫ్ మనుషులు ముదిగుబ్బలో తీసి పంపిన వీడియో. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని రోషన్‌బీ కాయలు ఒలుస్తోంది. "వాన మెసేజ్ కోసమే చూస్తాండా నాయనా," అంటోంది.

"మెసేజ్ పోయే ఊర్ల లిస్టులో ముదిగుబ్బ లేదన్నారే!"

"నమ్మినావా? సిగ్గులేదా నీకు?"

ఇంకా పది సెకన్లు. ఛీ అంటూ పిస్టల్‌ని మంచం మీదికి విసిరి, హీనా పాస్‌వర్డ్ కొట్టింది. అసలు డేటా ఎక్కేసరికి ఒక్క సెకను మిగిలింది.

"నన్ను చూస్తే నాకే అసయ్యంగా ఉండాది," అని చేతులు చాపింది. షాబాజ్ ఓదార్చలేదు. బేడీలు వేశాడు.

సాయంత్రం సోమందేపల్లిలో ఫోన్లు మోగాయి. 'ఇరవై రోజులు వాన లేదు. విత్తకండి.'

నల్లమ్మ మూట బిగించి కట్టింది. "ఎవడప్పా ఈ మెసేజ్ పెట్టిచ్చినోడు? వాని నోట్లో మన్ను పడ!"

"అవునవ్వా, పనికిమాలినోడు," అన్నాడు తిరుగుదారిలో అక్కడ ఆగిన షాబాజ్. సంస్థ రూల్స్ ప్రకారం అంతకంటే ఎక్కువ చెప్పకూడదు.